ఏది పెరుగుతుంది, ఏది పెరగదు

మా మేడమ్ పోయారన్న కబురు మాకు కాలేజీ క్లర్కు చెప్పాడు. మొదటి పీరియడ్ ఆమెదే. చాక్‌పీసుల డబ్బా టేబుల్ మీద పెట్టి, ఆమె వస్తారేమోనని చూస్తూ కూర్చున్నాం. కొన్నాళ్లుగా ఆమె సెలవులో ఉన్నా ఆ డబ్బా పెట్టడం మేం మానలేదు. క్లర్కు గుమ్మం దగ్గరే నిలబడి, మేడమ్ రాత్రి ఆసుపత్రిలో చనిపోయారని, ఈ రోజు క్లాసులు ఉండవని, సోమవారం నుంచి ఇంకో సార్ వస్తారని చెప్పాడు. చెప్పి, అలవాటు కొద్దీ, "అర్థమైందా?" అని అడిగాడు.

"అయింది సార్" అన్నాం అందరం, ఒకే గొంతుతో.

సరిగ్గా ఆ ప్రశ్ననూ ఆ జవాబునూ మా నోళ్లలోంచి తీసేయాలని ఆమె ఏడాదంతా కష్టపడ్డారు. పిల్లలు ఎలా నేర్చుకుంటారు, వాళ్లు నేర్చుకునేలా పాఠాన్ని ఎలా కట్టాలి అన్న రెండు పేపర్లూ మా ఎం.ఎడ్.లో ఆమెవే. ఎల్బీ నగర్‌లో టైల్స్ దుకాణం పైనున్న మా క్లాసుకు మొదటి రోజు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి, మీరు బడికి పోయాక "అర్థమైందా" అని మాత్రం అడగకండి అన్నారు. అడిగితే ఏ పిల్లా కాలేదని చెప్పదట. పక్కవాళ్లు ఏమంటే తనూ అదే అంటుందట. దాంతో టీచరుకు ధైర్యం వస్తుంది, పిల్లకు మాత్రం ఏమీ రాదు. దానికి బదులు "ఇంటికి పోయి మీ తమ్ముడికి ఇది ఎట్లా చెప్తావ్?" అని అడగమనేవారు. అడిగాక, పిల్ల నోరు తెరిచేదాకా మనం నోరు మూసుకోవాలి. మాకు అసలు కష్టం అదే.

ఆమెది కృష్ణా జిల్లా. పెళ్లయి చంపాపేట్ వచ్చి స్థిరపడిపోయినా మాటతీరు కొంచెం కూడా మారలేదు. మాలో ఎక్కువమందిమి నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన వాళ్లం. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. పొద్దున ర్యాలీకి పోయి, గొంతు బొంగురు పోయాక క్లాసుకు వచ్చేవాళ్లం. ఒకరోజు మా క్లాసు అబ్బాయి ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడమ్, రాష్ట్రం ఒస్తే మీరు పోతరా?"

ఆమె కళ్లజోడు పైకి తోసుకుని, "సిలబస్ అవకుండా ఎక్కడికి పోతాను నాయనా? చదువు తప్పించుకోడానికి మీకు ఇదొక్కటే దారి దొరికిందా?" అన్నారు. క్లాసంతా నవ్వింది, అడిగినవాడు అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ సిలబస్ ఇప్పటికీ పూర్తి కాలేదు.

నాకు అప్పుడప్పుడే మాటల పిచ్చి పట్టింది. పుస్తకంలో మంచి మాట ఒకటి దొరికితే రోజంతా నోట్లో తిప్పుకునేదాన్ని. నా మొదటి పాఠ్య పథకం నిండా అలాంటి మాటలే. ఆమె దాన్ని ఓపిగ్గా చివరిదాకా చదివి, "చాలా బాగా రాశావమ్మా. ఇందులో పిల్లలు ఎక్కడున్నారు?" అని అడిగారు. ఆ సాయంత్రం ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ వైపు నడుస్తుంటే, ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలతో నిండిన కోచింగ్ సెంటర్ బోర్డుల కింద ఆగి, "ఈ ఫొటోల్లో లేనివాళ్లంతా మన వాళ్లు" అన్నారు. ఆ మాటకు గర్వంగా అనిపించింది నాకు. అందులో ఎంత బరువుందో అప్పుడు తెలియదు.

కోర్సులో భాగంగా ఒక్కొక్కరం ఒక్కో పిల్లను ఎంచుకుని, ఆ పిల్ల ఎలా నేర్చుకుంటుందో ఏడాది పొడుగునా గమనించి రాయాలి. నా వంతుకు వచ్చింది ఒక సర్కారు బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి. తండ్రి ఆటో నడిపేవాడు, తల్లి ఇళ్లలో పని చేసేది. లెక్కల క్లాసులో ఆ పిల్ల గోడవైపు కూర్చునేది. ఏమడిగినా "ఏమో" అనేది. నేను చూడటం మొదలుపెట్టిన కొన్నాళ్లకే రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, మా కాలేజీకి కూడా తాళం పడింది.

సమ్మెలో ఒకరోజు ఎల్బీ నగర్ దగ్గర విజయవాడ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన చెప్పడం. మేడమ్ నాకు ఫోన్ చేసి, ఆ పిల్ల తల్లిని అడిగి పిల్లను తీసుకుని రమ్మన్నారు. బడి మూసినంత మాత్రాన పిల్ల నేర్చుకోవడం ఆగుతుందా, పద, చూద్దాం అన్నారు. మేం వెళ్లేసరికి ఆమె అప్పటికే అక్కడ ఉన్నారు. కండువా కప్పుకున్న కుర్రాడొకడు ఆమె మాటతీరు విని ఏ ప్రాంతమో గుర్తుపట్టి, "ఏంది మేడమ్, మీరు గూడ మా దిక్కే కూసుంటరా?" అని ఆటపట్టించాడు.

"మోకాళ్ల నొప్పులు బాబూ. నీడ ఎటుంటే అటే" అన్నారామె. ఆ కుర్రాడే పోయి ఎక్కడి నుంచో కుర్చీ తెచ్చి వేశాడు.

పొయ్యి మీద పెద్ద గుండిగలో ఎసరు కాగుతోంది. మీ ఇంట్లో అన్నం ఉడకడానికి ఎంతసేపు పడుతుంది, మరి ఇది ఎప్పటికి ఉడుకుతుంది అని మేడమ్ ఆ పిల్లను అడిగారు. పిల్ల గుండిగ వంకే చూస్తోంది. జవాబు చెప్పేయాలని నా నాలుక దురద పెడుతోంది. మేడమ్ నా మణికట్టు పట్టుకుని ఆపారు. చివరికి పిల్ల తమ ఇంటి గిన్నెనూ ఆ గుండిగనూ కళ్లతోనే కొలుచుకుని, వేళ్ల మీద లెక్కేసి, రేపు పొద్దుటిదాకా పడుతుందని చెప్పింది. బియ్యం ఎన్ని రెట్లు పెరిగితే టైం కూడా అన్ని రెట్లు పెరుగుతుందని ఆ పిల్ల లెక్క.

వండేవాళ్లు పగలబడి నవ్వారు. "అట్లయితే ఉద్యమం సంగతి పక్కకు వెట్టి ఉపాసం పండుకుందాం పా" అన్నాడొకడు. పిల్ల తల దించుకుంది. మేడమ్ మాత్రం నవ్వలేదు, దిద్దలేదు. "ఉడికేదాకా ఇక్కడే ఉందాంలే" అని పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మధ్యాహ్నానికే అన్నం దించారు. పిల్ల లేచి గుండిగ దగ్గరికి పోయి, ఆవిరి మొహానికి తగులుతున్నా పట్టించుకోకుండా అందులోకి చూసింది. తనంతట తానుగా ఆ పిల్ల మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"బియ్యం పెరిగినయ్, నీళ్లు పెరిగినయ్. టైమెందుకు గంత పెరగలే?" కొంచెం ఆగి మళ్లీ అడిగింది. "అయితే ఏది పెరుగుతది మేడమ్, ఏది పెరగది?"

అప్పటి మేడమ్ ముఖం నేను మరిచిపోలేను. పెద్ద బహుమతి దొరికినట్టు చూశారు ఆ పిల్ల వంక. బడి తెరిచాక దీని సంగతి తేలుద్దామని కాదు, తేల్చుదామని మాటిచ్చారు. విస్తరి ముందు కూర్చున్నాక నాతో, "నేర్చుకోవడమంటే పాత తప్పు వదిలేసి కొత్త అనుమానం తెచ్చుకోవడమేనమ్మా. ఇక మన పని మొదలైంది" అన్నారు.

సమ్మె సాగినన్నాళ్లూ నేను చంపాపేట్‌లో వాళ్లింటికి పోయేదాన్ని. ఆ ఒక్క ప్రశ్న మీద ఇద్దరం పాఠాలు కట్టాం. మనుషులు రెట్టింపైతే గోడ లేచే రోజులు ఎలా మారతాయి, వయసు రెట్టింపైతే ఎత్తు రెట్టింపవుతుందా, దూరం పెరిగితే ఆటో కిరాయి ఎలా పెరుగుతుంది. నేను ఒకటి రాసి మురిసిపోయేలోగా, ఇది మనకు బాగుందా, ఆ పిల్లకు బాగుంటుందా అని అడిగేవారు. మళ్లీ మొదటికొచ్చేది. అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు, ఇక చేస్తానని అనుకోను.

బళ్లు తెరిచారు. గోడవైపు చోటు ఖాళీగా ఉంది.

సమ్మెలో ఆటో నడవక ఇల్లు గడవలేదు. తల్లి ఆ పిల్లను దిల్‌సుఖ్‌నగర్‌లో బ్లౌజు ముక్కలమ్మే మ్యాచింగ్ సెంటర్‌లో పనికి కుదిర్చింది. మేడమూ నేనూ వాళ్లింటికి పోతే తల్లి చాప వేసి కూర్చోమంది. మేడమ్ చెప్పినదంతా మర్యాదగానే వింది. విన్నాక అంది, "బడి మేం బంద్ వెట్టలే మేడమ్. పిల్ల ఉత్తగ ఇంట్ల కూసుంటే ఏం జేస్తం? రాష్ట్రం ఒస్తే బడులు మంచిగయితయ్ అంటుండ్రు గద. గప్పుడు తోలిస్త."

మేడమ్ లేచారు. మెట్లు దిగుతూ, "ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే నాకు భయం" అన్నారు.

ఆ పాఠాలు వేరే పిల్లలకు చెబుదామని నేను అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. అడిగిన పిల్ల లేకుండా జవాబు ఎవరికి చెబుతామమ్మా అన్నారు. కాలేజీ నుంచి ఇంటికి పోయే ముందు పనిగట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయి ఆ దుకాణానికి వెళ్లేవారు. మాట్లాడటానికి ఒక సాకు కావాలి కదా, ఒక బ్లౌజు ముక్క కొనేవారు. ఏ రంగు కావాలని ఆ పిల్ల అడిగితే, నీకు నచ్చింది ఇవ్వు అనేవారు. ముక్క మడతపెడుతున్నంతసేపే వాళ్ల మాటలు. బడికి ఎప్పుడు వస్తావని ఆమె, చూస్తనని ఆ పిల్ల.

తర్వాత ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. నేను ఆసుపత్రికి పోయినప్పుడు నా రిపోర్టు గురించి అడిగారు. ఇలాంటి రిపోర్టులన్నీ "విద్యార్థినిలో ఆశించిన మార్పు కనిపించింది" అన్న వాక్యంతోనే ముగుస్తాయి. నేనూ అలాంటిదే ఒకటి అందంగా రాసుకుని పోయాను. ఆమె విని కళ్లు మూసుకున్నారు. "అది కొట్టెయ్. తిరిగి రాలేదు అని రాయి. మనకు చేతకాలేదని రాయి." అలా అనకండి మేడమ్ అన్నాను. "నన్ను ఓదార్చకు తల్లీ. రాయి" అన్నారు. నాతో ఆమె ఆఖరి మాట అదే. రాశాను. నాకున్న మంచి మాటల్లో ఒక్కటీ అక్కడ పనికి రాలేదు.

అంత్యక్రియలు అయిన మర్నాడు నేను ఆ దుకాణానికి వెళ్లాను. ఆ పిల్ల పొడుగైంది. జడ పైకి ముడిచి కట్టుకుంది. మేడమ్ చనిపోయారని చెప్పాను. కౌంటర్ మీది గుడ్డ అంచు సవరిస్తూ ఉండిపోయింది. ఈసారి నేను నోరు తెరవలేదు.

"ఆమె ఒచ్చుడు బంద్ జేస్తే మంచిగుండు అనుకున్న అక్కా. ఒచ్చినప్పుడల్లా సేటు గుర్రుగ జూస్తుండె" అంది.

ఇంతలో ఒక కస్టమర్ సంచిలోంచి వంకాయరంగు చీర తీసి కౌంటర్ మీద పరిచి, దీనికి సరిపోయే ముక్క చూపించమంది. ఆ పిల్ల ఒకటి తీసి పక్కన పెట్టింది. ట్యూబులైటు కింద రంగు సరిగా తెలియదని, చీరనూ ముక్కనూ పట్టుకుని బయట వెలుతురులోకి నడిచింది. ఫుట్‌పాత్ మీద నిలబడి రెండింటినీ ఎండకు ఎత్తి పట్టుకుంది. రెండు రంగులూ ఒక్కటిగా కలిసిపోయాయి. లోపల కౌంటర్ దగ్గరున్న నాకే తెలుస్తోంది. లోపల కస్టమర్ పిలుస్తోంది, సేటు పిలుస్తున్నాడు. ఆ పిల్ల మాత్రం మావైపు వీపు పెట్టి, పోతున్న బస్సుల వైపు తిరిగి, ఎత్తిన చేతులు దించకుండా అలాగే నిలబడి ఉంది.