గట్టు రాళ్ల ఇల్లు

తొలి వాన పడగానే మా ఇంటి గోడల అడుగు నుంచి చేని వాసన వస్తుంది. పైనంతా సిమెంటు, రంగు, కిటికీలకు ఇనుప చువ్వలు, అన్నీ అందరి ఇళ్లలాగే ఉంటాయి గానీ, నేలను ఆనుకున్న పునాది రాళ్లు మాత్రం నాలుగు చినుకులు తగిలితే చాలు, ఎర్రమట్టి, గరిక, మేకపెంటికలు కలిసిన వాసన వదులుతాయి. ఇంటికొచ్చిన చుట్టాలు ఎంత కమ్మగా ఉందో అని మెచ్చుకుంటారు. నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను. ఆ రాళ్లు మా చేని గట్టు విప్పి తెచ్చుకున్నవి.

ఆ గట్టు మా జేజిది, అంటే నాయన వాళ్లమ్మది. వజ్రకరూరు దారిలో వాలుగా వంక వైపు దిగే ఎర్రనేల మాది. ఆ వాలుకు అడ్డంగా నా నడుమెత్తు రాతికట్ట ఉండేది. దానికి కింద ఓబులేసు మామ చేను. ఆయనతో మాకు చుట్టరికం లేదు, పక్కచేనాయన కాబట్టి మామ. జేజికి ఒక పట్టింపు ఉండేది: చేన్లోంచి ఇంటికి పోయేవాళ్లెవరూ వట్టి చేతులతో పోకూడదు, కాలికి తగిలిన రాయి ఒకటి తీసి గట్టు మీద పెట్టి పోవాలి. కలుపు తీసే ఆడవాళ్లైనా సరే, పొద్దుగూకులూ అక్కడే ఆడుకునే మేమైనా సరే. ఒకసారి మా చిన్నత్తకు సంబంధం తెచ్చిన పెద్దమనిషి తెల్లపంచె కట్టుకుని చేని దాకా వస్తే, ఆయన చేత కూడా ఒక రాయి మోయించింది. పంచె ఎర్రబడిందని ఆయన గొణుక్కుంటూ పోయాడు, సంబంధం మాత్రం కుదిరింది.

మా బాల్యమంతా ఆ గట్టు నీడలోనే గడిచింది. నున్నటి గులకరాళ్లు ఏరుకుని అచ్చనగాయలు ఆడేవాళ్లం, రాళ్ల సందుల్లో మొలిచిన సీతాఫలం చెట్ల కాయలు కళ్లు విప్పగానే కోసి గడ్డిలో మాగేసేవాళ్లం, కవుజుపిట్ట గుడ్లు పెట్టిన చోటు ఒకరికొకరం చెప్పుకోకుండా దాచుకునేవాళ్లం, మధ్యాహ్నం గట్టుకు వీపు ఆనించి కొర్రన్నంలో ఊరుబిండి పచ్చడి కలుపుకుని తింటుంటే కింది చేన్లోంచి ఓబులేసు మామ ఒడి నిండా పచ్చి అలసంద కాయలు తెచ్చి మా ముందు పోసేవాడు. గట్టు దగ్గర నిలిచిన నీళ్లు నిదానంగా ఇంకి కింది చేనికి చెమ్మ అందించేవి, అందుకే మా పైరు వాడిపోయాక కూడా ఆయన చేను కొన్నాళ్లు పచ్చగా ఉండేది. ఏరువాక నాడు జేజి ఆయనింటికి ఓళిగలు, అదే బొబ్బట్లు, పంపేది. మన నీళ్లు తాగే చేను మనింటి బిడ్డ లెక్క అనేది.

తరవాత వరుసగా కరువులు వచ్చాయి. మొలక పైకి వచ్చేది, మాడిపోయేది. అప్పటికి ఊళ్లో అందరూ కొర్రలూ అలసందలూ మానేసి చేనంతా వేరుశెనగ ఒక్కటే వేస్తున్నారు. ట్రాక్టరు తిరగడానికి గట్టు అడ్డమని నాయన సణిగేవాడు. మేముండే గడ్డి కొట్టం చిన్న వానకే కారేది, నేనూ తమ్ముడూ మిద్దిల్లు కావాలని రోజూ ఏడ్చేవాళ్లం. కట్టుకోవడానికి రాయి కావాలి, రాయి చేన్లో ఉంది. ఆ మాట ముందుగా అన్నది నేనో తమ్ముడో ఇప్పుడు గుర్తులేదు, ఇద్దరం మాత్రం ఎగిరి గంతేశాం.

"గట్టు మనొక్కరిదే కాదురా, కింద చేనోనిది గూడా" అంది జేజి.

"వానే లేకపాయె. గట్టు దేన్ని ఆపేదానికమ్మా?" అన్నాడు నాయన.

మా కరువు నేలలో పుట్టినవాళ్లు మాత్రమే చేసే తప్పు అది. చినుకు లేని ఏడాది మీద ఏడాది చూసి చూసి, వాన అంటే రానిదే అనుకోవడం. నాయన గట్టు విప్పించాడు. ట్రాక్టరు తొట్టిలో రాళ్లు ఊళ్లోకి వస్తుంటే మేము దాని వెంట కేకలు పెడుతూ పరుగెత్తాం.

ఇల్లు లేచింది. ఆ మరుసటి ఏడు, ఎవరూ అనుకోని విధంగా, ఆకాశం చిల్లు పడినట్టు ఒక పగలంతా వాన కురిసింది. నా బతుకులో అంత సంతోషమైన వాన మరొకటి లేదు. పొడిగా ఉన్న సిమెంటు నేల మీద బోర్లా పడుకుని, వేయించిన శెనక్కాయలు బెల్లంతో నములుతూ, ఒక్క చోట కూడా గిన్నె పెట్టక్కర్లేదని నేనూ తమ్ముడూ మురిసిపోయాం. మేము నవ్వుతున్న ఆ కాసేపట్లోనే మా చేని పైమట్టి అంతా వాలు వెంట జారి, కింది చేన్ని నడిమికి కోసి, మిగిలినదాన్ని రాళ్ల గరుసుతో కప్పేసి వంకలో కలిసింది.

ఓబులేసు మామ గొడవకు రాలేదు. వచ్చుంటే బాగుండేది. తెల్లారి మా గడప దాకా వచ్చి, గోడ అడుగు రాళ్లను కాసేపు చూసి, జేజి పెట్టిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు పెళ్లాంతో సహా బెంగళూరు బస్సెక్కాడు. జేజి పోయేదాకా రోజూ చేనికెళ్లి, గట్టు ఉన్నచోట రాళ్లు వరస పెడుతూనే ఉండేది. నాయన కూడా ఆమెతో కలిసి మోశాడు గానీ, అప్పటికే ఆపడానికి మట్టి మిగల్లేదు.

ఇప్పుడు ఆ చేన్లో గరుసు తేలింది. కవుజుపిట్టలు లేవు, సీతాఫలం లేదు, చేన్లోంచి వెళ్తూ రాయి ఎత్తే మనిషి లేడు. మా పిల్లలకు కొర్రలు అంగట్లో పొట్లంగానే తెలుసు.

మొన్న రాయదుర్గం బస్టాండులో ఓబులేసు మామ కనబడ్డాడు. తలంతా నెరిసింది, ఒంటి మీద కాపలావాళ్ల ఖాకీ చొక్కా. నన్ను ఆయనే ముందు గుర్తుపట్టాడు. చేని మాట నేనెత్తలేకపోయాను, ఆయన ఎత్తలేదు. జేజి పోయిందంటే కళ్లు తుడుచుకున్నాడు, నాయన ఎట్లున్నాడని అడిగాడు, నా పిల్లల పేర్లు అడిగాడు. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇల్లు బాగుండాదా పాపా? వానకు కారదు గదా?"

"కారదు మామా" అన్నాను. "ఒక్క చుక్క కూడా కారదు."