సువార్త పాదాల కొలత

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి తర్వాతి స్థానం కంప్యూటర్‌దే. కంప్యూటర్ పని వచ్చినవాళ్ళని దేశాలు పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్న రోజులవి. మా నాన్న కూడా మమ్మల్ని వెంటబెట్టుకుని కాకినాడ నుంచి సింగపూర్ వచ్చేశారు. అక్కడ యూ టీ అనే పేటలో ఫ్లాట్. పదకొండేళ్ళకే నాకు కంప్యూటర్‌లో పట్టికలు వెయ్యడం వచ్చేసింది. ఇక చూడండి, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే! ఇంట్లో చెంచాలకో పట్టిక, అమ్మ తుమ్ములకో పట్టిక.

ఆదివారం సాయంత్రాలు మా ఫ్లాట్‌లో తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది. నడిపించేది పై అంతస్తు ఆంటీ. గుంటూరావిడ, నర్సు. మాట కటువు, చెయ్యి మెత్తన. ఆ ఏడు క్రిస్మస్‌కి అమలాపురం దగ్గర ఒక పిల్లల హాస్టల్‌కి చెప్పులు పంపాలనుకున్నాం. అక్కడి వార్డెనమ్మ ఒక్కొక్కరినీ పాత పేపరు మీద నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీసి, పేరూ వయసూ రాసి, ఆ కాగితాలన్నీ కట్ట కట్టి పంపించింది. కొలిచే పని నాకు అప్పగించారు.

నేనేం చేశాను? స్కేలు పెట్టి కొలిచి అంకెలు ఎక్కించాను. పేర్లు ఎక్కించలేదు. చెప్పులకి పేర్లతో పనేంటని నా తెలివి! వయసును బట్టి మూడు గుంపులు చేసి, గుంపుకో సగటు సైజు తేల్చి, రంగురంగుల చార్టు గీశాను. నాన్న మురిసిపోయారు. కూడికకి వచ్చిన అంకుల్స్ అందరూ శభాష్ అంటే గాల్లో తేలిపోయాను.

ఆంటీ మాత్రం పాదాల కాగితాలేవని అడిగింది. పని అయిపోయింది కదా, పారేద్దామని చెత్తబుట్ట పక్కన పెట్టానన్నాను. ఆవిడ ఆ కట్ట తెచ్చి, సోఫా పక్కకి జరిపించి, హాలంతా పరిచింది. పేరు పైకి చదివి, ఆ గీతల్లో నీ కాళ్ళు పెట్టి, అప్పుడు పక్క కాగితం మీదికి వెళ్ళమంది. అందరి ముందూ! నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆవిడకి ఎదురు చెప్పే ధైర్యం మా నాన్నకే లేదు, ఇక నాకెక్కడిది?

ఏలియా పాదాలు ఎంత వెడల్పో, నా కాలికి రెండు పక్కలా చోటు మిగిలిపోయింది. దీవెన పాదంలో నా మడమ పెడితే నిండిపోయింది. చక్కిలిగింత పెట్టి కదిలిందేమో, వేళ్ళ దగ్గర గీత వంకర తిరిగింది. వాళ్ళిద్దరినీ నేను ఒకే గుంపులో పడేశాను. నాలుగైదు కాగితాలు తొక్కేసరికి నా కోపం చల్లారిపోయింది. ఎవరి మీదో నిలబడ్డానన్న బెరుకు పట్టుకుంది.

చివర్లో సువార్త అని రాసిన కాగితం. ఎడమ పాదం అచ్చం నా అంత. కుడిది చిన్నది, పైగా ముందు భాగమే గీశారు, మడమ లేదు. ఆ గీతలోనే కాలు పెట్టి, మడమ ఎత్తి నిలబడ్డాను. కాసేపటికే పిక్క పీకడం మొదలెట్టింది. ఈ పిల్లకి ఏం సైజు వేశావని ఆంటీ అడిగింది. రెండు పాదాలూ కూడి సగం చేసి గుంపు సగటులో కలిపేశాను. అంటే ఏ కాలికీ పట్టని చెప్పు! తల కొట్టేసినట్టయింది. అక్కడే ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత, ముందు ఫోన్ చెయ్యి" అంది ఆంటీ.

పోలియో అని వార్డెనమ్మ చెప్పింది. క్రిస్మస్ సాయంత్రం పిల్లలంతా పాటలు పాడుకుంటూ ఊరేగింపుగా వెళ్తే, ప్రతి ఏడూ సువార్త ఒక్కతే గేటు దగ్గర ఉండిపోతుందట. ఆ తర్వాత ఆ పిల్లే ఫోన్లోకి వచ్చింది.

"అక్కా, నాకు ఎర్రవి కావాలక్కా. ఈసారి నేనూ ఎళ్తా."

మా బ్లాకు కింద చెప్పులు బాగుచేసే చైనా అంకుల్ ముందు తల అడ్డంగా ఊపాడు. కాలు చూడకుండా ఎలాగంటాడు. ఆంటీ మళ్ళీ ఫోన్ చేయించింది. అక్కడ సువార్త మడమ కింద పలకలు పేర్చి, నడుము సమానంగా వచ్చాక ఆ ఎత్తు కొలిచి చెప్పారు. నేను ఆ కాగితం తీసుకెళ్ళి అంకుల్ ముందు పరిచి, సువార్త ఎలా నిలబడుతుందో నిలబడి చూపించాను. ఆయన వంగి నా మడమ కింద ఉన్న ఖాళీని వేళ్ళతో కొలిచాడు. "కెన్ లా!" అన్నాడు, సింగపూర్ ఇంగ్లీషులో అయిపోతుందని. అమ్మయ్య!

రెండు సైజుల ఎర్ర చెప్పులు కొనిస్తే, కుడిదానికి మడమ ఎత్తుగా కట్టి, బిగువుగా బకిల్ వేశాడు. మిగతా పిల్లలకి కూడా ఎవరి కాగితం వాళ్ళది పట్టుకుని కొన్నాం. ఊరెళ్తున్న ఒక కుటుంబం చేతికిచ్చి పంపాం.

క్రిస్మస్ మర్నాడు ఫోన్ మోగింది. అవతల పలకరింపుల్లేవు, ఒకటే అరుపు.

"అక్కా, నడిచానక్కా! ఊరంతా నడిచా!"

ఫోన్ పెట్టేశాక నేను వేసిన కేకలకి ఎదురింటివాళ్ళు తలుపు తీశారు. ఎప్పుడూ కళ్ళు చెమర్చని ఆంటీ కేకలు విని దిగొచ్చి, సంగతి తెలిసి చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లన్నీ దూకుతూ వెళ్ళి చైనా అంకుల్‌కి చెబితే, ఆయన సుత్తి పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. పిల్లలకి సాయం చేసే పనిలోనే ఉన్నాను. ఇంతమందికి అన్నం, అంతమందికి చదువు అంటూ కుర్రకారు నా ముందు చార్టులు పెడతారు. బాగుందంటాను, వాళ్ళలో ఒకరి గురించి చెప్పమంటాను. చెప్పలేకపోతే, వెళ్ళి ఆ పిల్లల దగ్గర కూర్చుని రమ్మంటాను. మొండి ఆంటీ అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఇన్నేళ్ళ నా జీవితంలో సగటు పిల్ల ఒక్కతీ నాకు ఎదురుపడలేదు.