జగన్నాధం బావ కట్టిన కంపైలర్

మా జగన్నాధం బావ తన చేత్తో కడితే తప్ప దేన్నీ నమ్మడు. విజయనగరంలో ఇంజనీరింగ్ కాలేజీలో సీ అనే కంప్యూటర్ భాష చెబుతాడు. మనం రాసిన ప్రోగ్రామును మిషనుకి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. లోకమంతా దాన్ని రెడీమేడ్‌గా దింపుకుంటుంది. బావ మాత్రం దాని సోర్సు కోడు తెచ్చుకుని, పాత కంపైలర్‌తో కొత్తది కడతాడు. ఆ కొత్తదానితో మళ్ళీ దాన్నే కడతాడు. మూడోసారీ కట్టి, రెండోదీ మూడోదీ అచ్చంగా ఒకటేనని తేలాకే అన్నానికి లేస్తాడు.

"పెరుక్కి పెరుగే తోడెయ్యాల కదరా. ఇదీ అంతే," అంటాడు.

"ఆ పెరుగు పులిసిపోతంది, ముందు తినండి," అంటుంది మా అక్క.

నరసన్నపేటలో నా పెళ్ళిచూపులకి తోడు తీసుకెళ్ళాను, బుద్ధిలేక. పిల్ల తండ్రి ముచ్చటపడి కొత్త లాప్‌టాప్ చూపించాడు.

"ఇందులో కంపైలర్ ఎవరు కట్టారండీ?" అన్నాడు బావ.

"షాపువాడే అన్నీ ఎక్కించి ఇచ్చాడండీ."

"అయితే నమ్మలేం," అని ఉన్నది పీకేసి మళ్ళీ కట్టడానికి కూర్చున్నాడు. అమ్మాయి వచ్చింది, కాఫీ ఇచ్చింది, వెళ్ళింది. బావ తలెత్తలేదు. నేను ఎత్తలేకపోయాను.

ఆ తర్వాత నీలవేణి సంగతి. పూసపాటిరేగ అవతల చేపలమ్ముకునేవాళ్ళ పిల్ల, బావ క్లాసే. ఎవరో చవగ్గా అంటగట్టిన చిట్టి లాప్‌టాప్ ఆమెది, లోపల ఫోన్లలో ఉండే చిప్పు. కాలేజీ కంపైలర్ దానిమీద నడవదు. ఇంటిదగ్గర సాధన లేకపోతే ప్రాక్టికల్స్ తప్పుతుంది. బావ దాన్ని లాక్కున్నంత పని చేశాడు.

"ఇలాటి చిప్పు కోసమే ఎతుకుతన్నానమ్మా. ఓ వారం నాకియ్యి."

ఆ మాట విని నాకు తల కొట్టేసినట్టయింది. లేనివాళ్ళ పిల్ల వస్తువుతో ఈయన ఆటలేమిటి? వారం దాటినా తిరిగివ్వలేదని తెలిసి, ఆ పిల్లకిద్దామని నా రెండో లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళాను. బావ ఆ చిప్పుకి తగ్గట్టు కోడంతా మార్చి, కంపైలర్‌ని చిట్టిదాని మీద మూడోసారి కడుతున్నాడు.

"సిగ్గులేదా బావా? ఆ పిల్లకి వేరేది ఇచ్చేస్తే నిమిషంలో పోయేది కదా."

"మా డిపార్టుమెంటు హెచ్చోడీ గారు ఇవ్వబోయారురా, క్లాసందరి ముందూ. సిన్నబోయి కాలేజీకి రావడమే మానేసింది. నేనే బతిమాలి తెచ్చాను."

ఇంతలో నీలవేణి వచ్చింది. "ఏటి సారూ, వారమన్నారు, ఎన్నాళ్ళయింది? నా సదువు పాడుసేసి మీ సరదా తీర్సుకుంటన్నారా?"

బావ లేచి నిలబడ్డాడు. "తప్పేనమ్మా. ఇప్పుడే సరిపోయింది. ఇకమీద కంపైలర్ నీ మిషన్లోనే ఉంటాది. నువ్వియ్యకపోతే ఇలాటి చిప్పు నాకు దొరికేదే కాదు."

బావకి చిప్పుల కరువేమీ లేదు.

"సర్లెండి. మళ్ళీ కావాలంటే అడగండి," అని ఆ పిల్ల దర్జాగా వెళ్ళిపోయింది.

బావ నావైపు తిరిగాడు. "ఆ సంచిలో ఏటిరా?"

"ఇస్త్రీ బట్టలు బావా," అని దాన్ని కాలితో బల్లకిందకి నెట్టేశాను.