ఇరవైకి ఇరవై

మా ఇంట్లో ముక్కు మీద కోపం ఎవరికంటే నాకే. పాప టాబ్లెట్‌లో తప్పు నొక్కితే చాలు, నా ప్రాణం గిలగిల్లాడేది.

జర్మనీలోని పాడర్‌బోర్న్ వచ్చి అప్పటికి ఏడాదిన్నర. పాప రెండో తరగతి. బళ్ళో జర్మన్ అభ్యాసాలు టాబ్లెట్‌లో ఇచ్చి ఇంటికి పంపేవాళ్ళు. మాట విని సరిపడే బొమ్మ నొక్కాలి, వాక్యంలో ఖాళీ ఉంటే సరైన మాటను వేలితో లాక్కొచ్చి అందులో పెట్టాలి. వారానికి ఇరవై. ఒప్పయితే తేనెటీగ పువ్వు మీద వాలుతుంది, తప్పయితే తల అడ్డంగా ఊపుతుంది. అది తల ఊపినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది.

"అది కాదే, పక్కది! కళ్ళెక్కడ పెట్టినవ్?" అని రెండు వారాలు పక్కన కూర్చుని అరిచాను. మూడో వారం నుంచి వేలు నాదే. మన దగ్గర పిల్లల ప్రాజెక్టు చార్టులన్నీ అమ్మానాన్నలే చేస్తారు కదా, ఇందులో తప్పేముంది అనుకున్నా. వారం వారం ఇరవైకి ఇరవై! ఫోటో తీసి మా ఆయనకు పంపితే ఆఫీసు నుంచి పైకెత్తిన బొటనవేలి బొమ్మ పెట్టేవాడు. ఇంతకీ నా ఉద్యోగమేంటో తెలుసా? సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం.

మూడు నెలలకు టీచరమ్మ టెర్మిన్ ఇచ్చి, అంటే ఫలానా రోజు ఫలానా టైముకు రమ్మని పిలిచింది. పొగుడుతుందేమోనని మంచి చుడీదార్ వేసుకుని మరీ వెళ్ళాను.

"ఇంట్లో ఒక్క తప్పూ చెయ్యదు. క్లాసులో మూడు వరుసలు చదవమంటే నోరు విప్పదు. మా తరగతంటే భయపడుతోందనుకుంటున్నాను. ఒక తరగతి వెనక్కి పంపితే చిన్నపిల్లల మధ్య ధైర్యం వస్తుందేమో" అంది.

పాపకు ఈ ఊళ్ళో ఉన్నది ఒకే ఒక్క స్నేహితురాలు, క్లాసులో పక్కన కూర్చునే టర్కీ పిల్ల. ఆ పిల్ల కోసమే పొద్దున్నే లేచి జడలేయించుకుంటుంది. వెనక్కి పంపితే ఇద్దరూ విడిపోతారు. ఇక లాభం లేదని చెప్పేశాను.

"ఆ ఇరవై నావండీ. పాపవి కావు."

టీచరమ్మ కోప్పడలేదు. తన కంప్యూటర్ నావైపు తిప్పింది. పిల్లలు ఎక్కడ తప్పు నొక్కితే అక్కడ యంత్రం అదే పాఠం ఇంకాస్త సులువుగా ఇస్తుందట. ఆ తప్పులు చూసే మర్నాడు ఎవరికి ఏం చెప్పాలో ఆవిడ రాసుకుంటుందట.

"మూడు నెలలుగా నేను మీకు పాఠాలు సిద్ధం చేస్తున్నానన్నమాట" అని నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఈస్టర్ సెలవుల దాకా చూసి నిర్ణయం చెప్తానంది.

ఇంటికొచ్చి, "తప్పు నాదే బిడ్డా. ఇగ నువ్వే చెయ్యి" అన్నాను. నమ్మలేనట్టు చూసి "ఆలైన్?" అంది. ఒక్కదానివే అన్నాను. వంటింట్లోకి పోయి నిలబడ్డానే గానీ చేతులు ఒకటే దురద. పోపు మాడిపోయింది. ఆ రోజు ఇరవైలో పదకొండు తప్పులు.

తర్వాతి వారం ఎనిమిది. ఆ తర్వాత మళ్ళీ పది! నెత్తి కొట్టుకున్నాను గానీ నోరు మెదపలేదు. బళ్ళో టీచరమ్మ ఆ తప్పులే ముందు పెట్టుకుని పాపకు విడిగా అరగంట చెప్పడం మొదలుపెట్టింది. సెలవులకు ముందు పాప క్లాసులో మూడు వరుసలు పైకి చదివింది. మధ్యలో ఒక మాట తప్పు పోయిందట, తనే ఆగి దిద్దుకుందట.

మర్నాడు బడి నుంచి ఉత్తరం వచ్చింది. పాప అదే తరగతిలో ఉంటుంది. పోస్టు డబ్బా దగ్గరే నిలబడి ఏడ్చేశాను. కింది ఇంటి ముసలావిడ ఏమయిందోనని తలుపు తీసి చూసింది కూడా.

సాయంత్రం పాప టాబ్లెట్ తెరిచింది. "నేను పక్కన కూర్చోవచ్చా?" అని అడిగాను. ఎప్పుడూ ఒక్క జర్మన్ ముక్కతో జవాబు సరిపెట్టే పిల్ల, తెలుగులోనే అంది.

"కూర్చో. కానీ చేతులు కట్టుకోవాలె."

కట్టుకుని కూర్చున్నాను.