జగ్గమ్మ గడ్డం కట్టు

సముద్రపొడ్డునున్న ఆర్యపల్లి జగ్గమ్మ ముప్ఫయ్యేళ్లుగా బరంపురం వీధుల్లో ఎండుచేపలు అమ్ముతోంది. ఆమె కేక వేస్తే నాలుగు సందుల అవతలివాళ్లు గిన్నె పట్టుకుని బయటికొస్తారు. మొన్న పొద్దున గంప దించి, ఒళ్లు విరుచుకుని ఆవులించింది. చెవి దగ్గర టక్కుమంది. తెరిచిన నోరు మూతపడలేదు.

చొంగ కారుతోంది. మాట రావడం లేదు. వెంట వచ్చిన కొడుకు వేణు హడలిపోయి ఇంటికి ఫోన్ చేశాడు. "అమ్మకి నోరు పడిపోనాది!"

ఆస్పత్రికి తీసుకెళ్తే, పళ్ల డాక్టరు పద్మిని ఆమె చెవుల ముందు తడిమి చూసింది.

"పక్షవాతం కాదు. కింది దవడ కీలు గుంట దాటి ముందుకొచ్చింది. నమిలే కండరాలు దాన్ని అక్కడే బిగించేశాయి."

ఇంజక్షను ఇచ్చి, బొటనవేళ్లకు గుడ్డ చుట్టుకుని కింది దవడపళ్ల మీద పెట్టి, బలంగా కిందికి నొక్కి వెనక్కి తోసింది. కీలు గుంటలో పడింది. గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తెల్లటి కట్టు కట్టింది.

"పళ్లు విడిపోకూడదు. నోరు తెరిచారా, మళ్లీ జారుతుంది. కేకలు ఇక మూడు వారాల తర్వాతే."

ఇంజక్షను మత్తులో జగ్గమ్మ ఆటోలోనే నిద్రపోయింది.

ఆర్యపల్లిలో ప్రాణం పోయినవాళ్లకే అలా గడ్డం కడతారు, నోరు వేలాడకుండా. ఆటో ఆగేసరికి ఆడపడుచు కాసులు ఆ కట్టు చూసి గుండెలు బాదుకుంది. వేణు "బతికే ఉందత్తా" అన్నది ఎవరికీ వినబడలేదు.

"ఓ వదినా! సెప్పకుండా ఎల్లిపోనావా! నీ ముక్కుపుడక నానే తీసాను గదే! ఇసకలో పడిపోనాదని అబద్ధం ఆడాను గదే!"

జగ్గమ్మకు మెలకువ వచ్చింది. రెండేళ్ల కిందట ఆ పుడక కోసం మూడు రోజులు ఇసుక జల్లించారు. జల్లెడకు రెండో పక్క పట్టుకున్నది కాసులే!

లేచి కూర్చుంది. జనం కెవ్వున వెనక్కి తగ్గారు.

తిట్టు నాలుక మీదికొచ్చింది. దవడ కదలబోయింది. జగ్గమ్మ ఒక చేత్తో గడ్డాన్ని పైకి అదిమి పట్టింది. కణతల దగ్గర కండలు ఉబ్బాయి. రెండో చెయ్యి కాసులు ముందుకు చాచి, పళ్లు విడదీయకుండా ఒక్క మాట అంది.

"ఇయ్యి."