సర్కారీలో ఉంటుందన్నారు: బన్నీలో ముళ్ళతోక బల్లి కోసం

ఇందుమూలంగా సూరత్ నగరంలో ఆల్థాన్ మొదలు ఇచ్ఛాపూర్ దాకా నివసించు సమస్త తెలుగు ప్రజానీకానికి తెలియజేయడమేమనగా: రైలులో కింది బెర్తు మీద సకినాలు తినువారు పై బెర్తు వారికి వినపడకుండా నమలవలెను. వినపడినచో సగం ఇవ్వవలసి వచ్చును. ఈ ఉత్తర్వు తక్షణమే అమలులోకి వచ్చును. నేను పాటించలేదు కాబట్టి భుజ్ చేరకముందే నా డబ్బా ఖాళీ అయింది.

పై బెర్తు మీద ఉన్నది ప్రసాద్ గారు. హజీరాలో ఇంజినీరు, కాకినాడ వైపు మనిషి, ఆల్థాన్‌లో మా పక్క బిల్డింగ్. నేను సిరిసిల్ల నుంచి మగ్గాల మీద పనికి వచ్చి మేస్త్రీనైనవాణ్ణి. చదువు తొమ్మిదో తరగతిలో నన్ను వదిలి తన దారిన పోయింది. ఆదివారం వస్తే మిగతా ఇంజినీర్లు డుమస్ బీచికి పోయి టమాటా భజియాలు తింటారు. ఈయన ఎడారికి పోయి మొక్కలకూ జంతువులకూ ఫోటోలు తీస్తారు. ఒక్కోదాని గురించి తెలుగులో రాసి ఇంటర్నెట్‌లో లైబ్రరీలాగా పెడుతున్నారు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అడవి గాడిద ఉంది, ఎడారి నక్క ఉంది, నేలకు అతుక్కుని పాకే తీగలు కూడా ఉన్నాయి. ఒక్క పేజీ మాత్రం రెండేళ్ళుగా ‘ఫోటో త్వరలో’ అని వెక్కిరిస్తోంది. గుజరాతీలు సాండో అనే ముళ్ళతోక బల్లిది ఆ పేజీ. ఆయన రెండుసార్లు చలికాలంలో పోయారు, అది నిద్రపోయే కాలమట. ఇంతలో ఒడిశాకు బదిలీ వచ్చింది. అక్కడ సముద్రం దొరుకుతుంది గానీ ఎడారి దొరకదు. ఈ ఆదివారం బల్లి కనబడకపోతే ఆ పేజీ ఇక ఎప్పటికీ అంతే. నన్నెందుకు తోడు తీసుకుపోయారంటే, నాకు హిందీ, గుజరాతీ నీళ్ళలా వస్తాయని ఎవరో ఆయనకు చెప్పారు. ఆ ఎవరో నేనే.

సూరత్‌లో సాయంత్రం రైలెక్కితే పొద్దున భుజ్‌లో దిగుతారు. స్లీపర్ టికెట్ ఐదువందల లోపే. స్టేషన్ బయట శనగపిండి గాఠియా, టీ కానిచ్చి జీపు మాట్లాడాం. రోజంతటికీ మూడువేలు అడిగాడు, నా బేరానికి జాలిపడి కొంత తగ్గించాడు. డ్రైవరు పేరు హమీర్‌భాయ్, ఉత్తరాన ఉన్న బన్నీ గడ్డి మైదానంలోనే పుట్టినవాడు. గంటకు పైగా ప్రయాణం. రోడ్డు బాగుంటుంది, దాని మీద నడిచే బర్రెలు ఇంకా బాగుంటాయి, హారన్ కొడితే మనమే తప్పు చేసినట్టు చూస్తాయి.

సాండో ఎక్కడ దొరుకుతుందని హమీర్‌భాయ్‌ని అడిగాను. “ఉధర్, సర్కారీ మే మిలేగా,” అని చెయ్యి చాపాడు. ఆ వైపు చూస్తే కనుచూపు మేర సర్కారు తుమ్మే. మా ఊళ్ళల్లో రోడ్ల పక్కన అడగకుండా మొలిచే ముళ్ళ చెట్టు. నాకు అనుమానమే రాలేదు.

“సారూ, సర్కారు తుమ్మలల్ల ఉంటదట. పాండ్రి లోపటికి.”

“అది బయలు నేలలో ఉండే జంతువు కదండీ మల్లేశం గారూ. ముళ్ళల్లో ఏం చేస్తుందండీ?”

“గా పుస్తకాలు జర పక్కకు పెట్టుండ్రి. ఈడ పుట్టినోడు చెప్తుండు.”

ఆయన పెద్దమనిషి, నమ్మారు. వంగి, పాకి, ఒక పొదలోంచి ఇంకో పొదలోకి దూరుతూ పోయాం. నా చొక్కా ఒక చెట్టుకు, ఆయన టోపీ ఇంకో చెట్టుకు కానుకగా ఇచ్చుకున్నాం. జీపు దగ్గర హమీర్‌భాయ్ మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపయ్యాక వచ్చి, ఇద్దరికీ ఒకేసారి కడుపు పాడైందా, నీళ్ళ బాటిల్ ఇవ్వమంటారా అని హిందీలో మెల్లగా అడిగాడు.

సర్కారీలో వెతకమన్నది నువ్వే కదా అన్నాను. సర్కారీ అంటే సర్కారీ జమీన్ అన్నాడు. తుమ్మలు దాటాక బోడిగా కనిపించే ప్రభుత్వ భూమి అన్నమాట. మరి ఈ చెట్టు? “యే తో గాండో బావళ్ హై. పాగల్ బబూల్.”

ప్రసాద్ గారు మోచేతిలోంచి ముల్లు లాక్కుంటూ నన్ను అడిగారు. “ఏమంటున్నాడండీ?”

“గాండో అంటే పిచ్చిది సారూ. పిచ్చి తుమ్మ అంటరట.”

“అంటే మీరు సర్కారు అనేదాన్ని వీళ్ళు పిచ్చిది అంటారన్నమాట.”

“రెండు ఒకటే కాదా సారూ?”

ఆయన నవ్వలేదు. రెండు పేర్లూ రాసుకున్నారు. ఇప్పుడు ఆ చెట్టు పేజీలో రెండూ ఉన్నాయి.

బోడి నేల మీదికి వచ్చాక మాత్రం బల్లి మమ్మల్ని ఎక్కువగా సతాయించలేదు. బొరియ పక్కన పొట్ట నేలకానించి ఎండ కాచుకుంటోంది. మూరెడు ఉంటుంది, మట్టి రంగు, తోకంతా రంపం పళ్ళలాంటి ముళ్ళు. ప్రసాద్ గారు బోర్లా పడుకుని అంగుళం అంగుళం జరిగారు. కెమెరా కంటికి పెట్టుకునే సమయానికి నా ఫోను పెద్ద గొంతుతో భజన అందుకుంది. మా మగ్గాల సేఠ్, నూలు బండి వచ్చిందని చెప్పడానికి. బల్లి మాయం.

తిడితే బాగుండేది. ఆయన కెమెరా పక్కన పెట్టి ఆ బొరియను చూస్తూ ఉండిపోయారు, అంతే. ఒక్కోసారి లోపల మట్టితో మూసుకుంటే మర్నాటి దాకా రాదని హమీర్‌భాయ్ చెప్పాడు. రాత్రికి మా రైలు. నేను ఫోను ఆపి, దాన్ని జీపులో సీటు కింద పడేసి వచ్చి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను. ఎండ నెత్తిన కూర్చుంది. ఎంతకో బొరియలోంచి ముక్కు కనిపించింది. తరువాత తల. తరువాత, మేమెవరమో తేల్చుకున్నట్టు, మొత్తం మనిషి. కెమెరా టపటపా కొట్టుకుంది.

“వచ్చిందండీ,” అన్నారు ప్రసాద్ గారు. ఆ ఫోటో హమీర్‌భాయ్‌కి చూపించారు, నాకు రెండుసార్లు చూపించారు, దారిలో నిలబడ్డ బర్రెకు కూడా చూపించేవారే, జీపు ఆగలేదు.

మధ్యాహ్నం హమీర్‌భాయ్ ఇంట్లో భోజనం. ఆయన భార్య పొయ్యి దగ్గర నుంచే అడిగింది, “తేల్‌వాలే తో నహీ?” ఈ బల్లిని చంపి నూనె తీసి నొప్పుల మందని అమ్మేవాళ్ళుంటారు, మేము వాళ్ళమేమోనని ఆమె భయం. ప్రసాద్ గారు ఫోనులో లైబ్రరీ చూపించాకే సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం, మజ్జిగ ముందుకొచ్చాయి. అందుకే సరిగ్గా ఎక్కడ చూశామో ఆ పేజీలోనూ లేదు, ఇక్కడా రాయను.

రొట్టె తింటూనే ఆయన పేజీ నింపారు. ‘తెలుగు పేరు’ అనే గడి దగ్గర ఆగి, మా వైపు దీన్నేమంటారని అడిగారు.

“బామ్మర్ది బల్లి సారూ.”

“అదేం పేరండీ?”

“పొద్దెక్కినంక లేస్తది. తిని ఎండకు పంటది. పని మాట ఇనవడితె బొక్కల దూరుతది.”

ఆయన తలూపి అదీ రాసుకున్నారు, ‘ఉత్తర తెలంగాణ వాడుక’ అని కింద చేర్చి.

మన భాషలో పేరు లేని జంతువు కోసం మనవాడెవడూ వెతకడు. సూరత్‌లో పుట్టిన మా పిల్లలకు బల్లి అంటే గోడ మీది ట్యూబ్‌లైట్ వెనకదే. ఇప్పుడు వాళ్ళు ఆ పేజీ తెరిచి, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతున్నారు. ‘ఫోటో త్వరలో’ పోయింది. ప్రసాద్ గారు ఒడిశా పోయారు. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకటే సలహా: చలికాలం వద్దు, మార్చి దాటాక ఎండెక్కినాక పోండి; బూట్లు వేసుకోండి, ముల్లు తీసే చిమటా జేబులో పెట్టుకోండి.

ఇక బామ్మర్ది బల్లి. సిరిసిల్లలో ఆ జంతువే లేదు, పేరెక్కడిది? పూర్తిగా నేను అల్లిందే. ప్రసాద్ గారికి చెప్పి తీసేయిద్దామని మొన్న పేజీ తెరిచాను. కింద జగిత్యాల నుంచి ఒకాయన రాశాడు: మా నాయనమ్మ కూడా దీన్ని ఇదే పేరుతో పిలిచేది.