రామకోటి పుస్తకంలో మా ఇంటి కోతులు

ఇలా రండి, ఆ పీట నా దగ్గరకు లాక్కుని కూర్చోండి. చేతిలో పనేదైనా ఉంటే చేసుకుంటూనే వినండి, నేనేమీ అనుకోను.

తొంభైల్లో మాట. మాది కొత్తపేట దగ్గర పల్లె. మా అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ఎదురుగా నిలబడితే మనిషని తెలిసేది గానీ ఏ మనిషో తెలిసేది కాదు. ఆపరేషను చక్కగా జరగాలని, శ్రీరామనవమికి రామకోటి పుస్తకం నింపి రామాలయంలో ఇస్తానని ఆవిడ మొక్కుకున్నారు. పుస్తకం నిండా గళ్లు, గడికో ‘శ్రీరామ’ రాయాలి. కళ్లు కనపడని మనిషి రాస్తానని మొక్కినా రాముడు కంగారు పడలేదు. ఇంట్లో కోడలుందని ఆయనకు తెలుసు.

నేను చదివింది ఐదో తరగతి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని వసారాలో రాయడానికి కూర్చునేదాన్ని. ఆవిడ పక్కనే మంచం మీద పడుకుని, పాళీ అరిగిన నా పెన్ను గరగర వింటూ ఉండేవారు.

“పెన్ను ఆగిందేవే?”

“పేజీ తిప్పుతున్నానండి, అత్తయ్యగారూ.”

“ఇందాకా అదే తిప్పేవుగా. ఒక్క పేజీని ఎన్నిసార్లు తిప్పుతావమ్మా?”

పెన్ను ఆగకూడదు, నాకేమో గడులు చూస్తే ఆవలింతలు. అందుకని ఒకరోజు అంచు ఖాళీలో ఊరికే గీత గీశాను. ఆ గీతకు తోక వచ్చింది. కిరాణా పొట్లాలు కట్టిన వారపత్రిక కాగితాల్లో కార్టూన్లు చూసి ఉన్నాను కదా, ముక్కు పెద్దది చేసి, కాళ్లు పొట్టివి చేశాను. రాముడి పుస్తకంలో కోతి ఉంటే తప్పేముంది?

ఒక కోతితో ఆగి ఉంటే బాగుండేది. పడక్కుర్చీలో నోరు తెరుచుకుని, చేతిలో చుట్టతో నిద్రపోయే మావయ్యగారి కోతి వచ్చింది. రాజోలు నుంచి వచ్చి సంచీ దించకుండానే కబుర్లు మొదలుపెట్టే ఆడపడుచు కోతి వచ్చింది. చివరికి తోకను కుచ్చిళ్లలా దోపుకుని, నడుముకు తాళాలగుత్తి వేలాడేసుకున్న పెద్ద కోతి కూడా వచ్చింది. అది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

“ఈవేళ బాగా రాత్తన్నావే,” అని అత్తగారు మెచ్చుకునేవారు. మెచ్చుకున్న రోజులన్నీ బొమ్మల రోజులే.

ఆరు నెలలకు పుస్తకం నిండింది. అమలాపురంలో ఆపరేషను కుదిరింది. ఇంటిల్లిపాదీ ఆవిడకు చూపు రావాలని దణ్ణాలు పెడుతుంటే, నేనొక్కదాన్నే నవమి దాటాక రావాలని పెట్టాను. స్వామి ఇద్దరి మొరా విని పెద్దావిడ వైపే మొగ్గాడు.

కట్లు విప్పి, దళసరి కళ్లజోడు వచ్చాక ఆవిడ మొదట అడిగింది పుస్తకమే. ఒక్కో పేజీ తీరిగ్గా తిప్పారు.

“పడక్కుర్చీలో ఈయనెవరే?”

“హనుమంతుడండి.”

“హనుమంతుడు లంక కాల్చేడన్నారు గానీ, చుట్ట కాల్చేడని ఎవరూ చెప్పలేదమ్మా నాకు.”

మావయ్యగారు మెడ సాచి చూసి, “పోలిక భలే వచ్చిందే!” అన్నారు. ఆవిడ ఆయన వైపు ఒక్క చూపు చూశారు. కొత్త కళ్లు కదా, బాగా పనిచేశాయి. ఆయన వీధిలోకి వెళ్లిపోయారు.

తరవాత పెద్ద కోతి వచ్చింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“తాళాలగుత్తి కూడా మర్చిపోలేదు.”

“ఆయ్,” అన్నాను.

“దీన్ని స్వామి చేతిలో పెట్టి మా ఇల్లు ఇదండీ అని చెప్పనా? కొత్త పుస్తకం తెప్పిస్తాను. పొద్దున్న నేను రాస్తాను, మధ్యాహ్నం నువ్వు రాయి.”

“నవమికి నెల కూడా లేదండి. డాక్టరు గారు కళ్లు అలిసిపోకూడదన్నారు కదండి.”

“అయితే ఆయన్నొచ్చి రాయమను.”

ఆరు నెలల పుస్తకం నెల తిరక్కుండా అయిపోయింది. కోతులు లేకపోతే పని ఎంత తొందరగా తెములుతుందో అప్పుడు తెలిసింది నాకు.

నవమినాడు గుడిలో, పూజారి గారు చెయ్యి చాపాక, నాకెందుకో ఆఖరి పేజీ తిప్పి చూడాలనిపించింది. మూలన, వణికిన గీతలతో ఒక కోతి. చేతిలో పెన్ను పట్టుకుని, పుస్తకం మీద తలవాల్చి నిద్రపోతోంది. ముక్కు మరీ అంత పెద్దది అక్కర్లేదు.

“ఇదేవిటండి అత్తయ్యగారూ?” అన్నాను మెల్లిగా.

“ఆ మొదటి పుస్తకంలో అందరూ ఉన్నారు, నువ్వొక్కదానివే లేవు. కోడలేదీ అని స్వామి అడిగితే ఏం చెప్పనే? ఇవ్వు, పూజారి గారి చెయ్యి నొప్పెడుతుంది.”

ఇచ్చేశాను. మొదటి పుస్తకం ఆవిడ బీరువాలోకి వెళ్లింది. ఆడపడుచు ఊరి నుంచి వచ్చినప్పుడల్లా బయటికి వచ్చేది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల చూపు చల్లగా ఉండాలి. ఆ చూపుకి భయపడి దాచుకునేవి మీకు తక్కువగా ఉండాలి. మీ ఇంటిల్లిపాదీ, తోకలున్నవాళ్లూ లేనివాళ్లూ, పచ్చగా ఉండాలి.